2026 పార్క్ పాస్, బేర్స్ ఇయర్స్, మార్చిలో ఇండియన్ క్రీక్: రాజకీయాలు కూడా ఇక్కడే మాట్లాడుకుందాం

జానకి_జేట్రీ (లాస్ ఏంజెలెస్), జనవరి 4, 2026

మన క్లైంబింగ్ ఫోరంలో అందరికీ కొత్త సంవత్సరం శుభాకాంక్షలు. ఈ ఏడాది పార్క్ పాస్ (అమెరికా నేషనల్ పార్కులకి ఏడాదంతా పనిచేసే కార్డు) తీసుకున్నాను. ఇక్కడ ఉండేవాళ్ళకి పాత ధరే, 80 డాలర్లు. కార్డు మీద మాత్రం కొండలూ జంతువులూ లేవు. జార్జ్ వాషింగ్టన్, ట్రంప్ ముఖాలు పక్కపక్కన వేశారు. ప్రతి ఏడాదీ మామూలు జనం తీసిన ఫొటోల్లోంచి ఒకటి ఎంచి ఆ కార్డు మీద వేసేవాళ్ళు. దీని మీద డిసెంబరులోనే కోర్టులో దావా కూడా పడింది. పర్సులో పెట్టుకుని తిరిగే కార్డు కదా, నాకు నిజంగా మనసుకి కష్టంగా అనిపించింది.

రెండు విషయాలు అడగాలి. ఒకటి, మే నెలలో అమ్మానాన్నలు విజయవాడ నుంచి విజిటర్ వీసా మీద వస్తున్నారు. యోసెమిటీ చూపిస్తానని ఎప్పుడో మాటిచ్చాను. జనవరి 1 నుంచి బయటి దేశాల వాళ్ళకి తలకు 100 డాలర్లు అదనం అంటున్నారు. అసలు సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి. రెండు, మార్చి చివర్లో యూటాలో రాతి పగుళ్ళు ఎక్కే ఇండియన్ క్రీక్‌కి వెళ్దామనుకుంటున్నాం. అది ఉన్న బేర్స్ ఇయర్స్ రక్షిత ప్రాంతాన్ని మళ్ళీ కుదించేస్తారని చాలా రోజులుగా వింటున్నాం. అది ఎంతవరకు వచ్చింది?

రెయినియర్_రాజు (సియాటిల్)

జానకి గారూ, ఆ 100 అన్ని పార్కులకీ కాదు, పదకొండింటికే. అకేడియా, బ్రైస్ కాన్యన్, ఎవర్‌గ్లేడ్స్, గ్లేషియర్, గ్రాండ్ కాన్యన్, గ్రాండ్ టీటన్, రాకీ మౌంటెన్, సెకోయా కింగ్స్ కాన్యన్, యెల్లోస్టోన్, యోసెమిటీ, జయాన్. పదహారేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ, మామూలు ఎంట్రీ ఫీజు మీద అదనంగా. బయటివాళ్ళ ఏడాది పాస్ అయితే 250. రెండు మూడు పార్కులు తిప్పేటట్టయితే పాసే నయం. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు కంగారు పడొద్దు, స్టేట్ డ్రైవింగ్ లైసెన్స్ చూపిస్తే ఇక్కడివాళ్ళ లెక్కే.

నా మాట వింటే పెద్దవాళ్ళని ఇటు తీసుకురండి. మా రెయినియర్ ఆ జాబితాలో లేదు. కారుకి 30 డాలర్లు కడితే అందరూ లోపలికి వచ్చేస్తారు. నార్త్ కాస్కేడ్స్‌కి అసలు గేటు ఫీజే లేదు. మేలో పారడైజ్ దగ్గర ఇంకా మనిషెత్తు మంచు ఉంటుంది. విజయవాడ ఎండల్లోంచి వచ్చినవాళ్ళకి అంతకంటే ఏం కావాలి?

ఫ్రీ రోజుల సంగతి కూడా చూసుకోండి. మార్టిన్ లూథర్ కింగ్ రోజు, జూన్‌టీన్త్ ఈ ఏడాది జాబితాలోంచి తీసేశారు. జూన్ 14 చేర్చారు. అది ఫ్లాగ్ డే, ట్రంప్ పుట్టినరోజు కూడా. ఆ ఫ్రీ రోజులు కూడా ఇక్కడ ఉండేవాళ్ళకే.

శాంతి_స్లాబ్ (ఆస్టిన్)

ఒక విన్నపం. ఇక్కడికి నేను రూట్ల కోసం, గేర్ కోసం వస్తాను. పాలిటిక్స్ వాట్సాప్‌లో రోజూ చూస్తూనే ఉన్నాం, తమ్ముళ్ళూ అన్నలూ మాటలు మానేసుకున్న ఇళ్ళు నాకు తెలుసు. ఇక్కడైనా వద్దు ప్లీజ్.

పగుళ్ళపిచ్చి (సాల్ట్ లేక్ సిటీ)

శాంతి గారూ, మీ బాధ అర్థమైంది. ఇక్కడ ఎవరూ ఎవరినీ తిట్టరు, దానికి నేను హామీ. కానీ ఇండియన్ క్రీక్ గురించి మాట్లాడుతూ ప్రెసిడెంట్ల పేర్లు ఎత్తకుండా ఎలా కుదురుతుంది?

వరస చూడండి. 2016 డిసెంబరు 28న ఒబామా బేర్స్ ఇయర్స్‌ని నేషనల్ మాన్యుమెంట్‌గా, అంటే ప్రెసిడెంట్ ప్రకటనతో రక్షణ పొందే ప్రభుత్వ భూమిగా, ప్రకటించారు. 13.5 లక్షల ఎకరాలు. హోపీ, నవాహో, జూనీ, రెండు యూట్ తెగలు కలిసి ఏళ్ళ తరబడి అడిగితే వచ్చింది అది. ఆ ప్రకటనలోనే రాక్ క్లైంబింగ్ అన్న మాట ఉంది. ఒక ప్రెసిడెంట్ సంతకం కింద మన ఆటని ఆ చోటు విలువల్లో ఒకటిగా చెప్పడం మనకి మామూలు సంగతి కాదు. ఏడాది తిరక్కుండానే, 2017 డిసెంబరు 4న, ట్రంప్ మా ఊరికే వచ్చి దాన్ని 85 శాతం దాకా కోసేశారు. రెండు ముక్కలు మిగిలాయి. క్రీక్‌లో కొన్ని గోడలు గీత లోపల, కొన్ని బయట. తెగలు కోర్టుకెళ్ళాయి, క్లైంబర్ల సంస్థ యాక్సెస్ ఫండ్ కూడా వెళ్ళింది. 2021 అక్టోబరులో బైడెన్ మళ్ళీ మొత్తం కలిపారు.

జానకి గారు అడిగిన దానికి జవాబు: ఈ రోజుకి హద్దులు 2021 నాటివే. కానీ 2025 జూన్‌లో న్యాయశాఖ ఒక అభిప్రాయం బయటపెట్టింది. పాత ప్రెసిడెంట్ ప్రకటించిన మాన్యుమెంట్‌ని కొత్త ప్రెసిడెంట్ పూర్తిగా రద్దు చేయొచ్చని. 1938 నుంచి ఆ శాఖే రద్దు కుదరదని చెబుతూ వచ్చింది. అంటే కత్తి నూరి పెట్టుకున్నారు, ఇంకా వాడలేదు.

ఈ అధికారమంతా 1906 నాటి యాంటిక్విటీస్ చట్టం నుంచి వచ్చింది. దాని కింద థియొడోర్ రూజ్వెల్ట్ ప్రకటించిన మొదటి మాన్యుమెంట్ ఏదో తెలుసు కదా? డెవిల్స్ టవర్. మనవాళ్ళు వేలు దూర్చి, పిడికిలి బిగించి ఎక్కే పగుళ్ళే. ఆ కొండ అక్కడి తెగలకి పవిత్రం కాబట్టి జూన్ నెలంతా ఎక్కకుండా ఉండమని పార్కు వాళ్ళు కోరతారు. చట్టబద్ధమైన నిషేధం కాదు, మర్యాద. నేను జూన్‌లో వెళ్ళను. మన గుట్ట మీద గుడి ఉంటే చెప్పులు విడవమని ఎవరైనా చెప్పాలా?

వెంకట్_డాలస్

నేను సిటిజెన్ అయ్యాక వేసిన ఓట్లలో ఎక్కువ రిపబ్లికన్లకే. దాచుకోను. కాబట్టి రెండో పక్క కూడా పెడతాను.

2019లో డింగెల్ చట్టం, 13 లక్షల ఎకరాలకి పైగా కొత్త వైల్డర్‌నెస్, అంటే రోడ్లూ కట్టడాలూ లేకుండా ఉంచే రక్షిత భూమి. సంతకం ట్రంప్‌ది. 2020 ఆగస్టు 4న గ్రేట్ అమెరికన్ అవుట్‌డోర్స్ చట్టం, భూమి సంరక్షణ నిధికి ఏటా 90 కోట్ల డాలర్లు శాశ్వతంగా. అదీ ఆయన సంతకమే. మనం ఎక్కే చాలా క్రాగ్‌ల (రాతి గోడల) దగ్గర పార్కింగ్, ట్రైల్ పనులు ఇలాంటి డబ్బుతోనే అవుతాయి. మరోపక్క 2023 నవంబరులో, బైడెన్ హయాంలో, పార్క్ సర్వీస్ తెచ్చిన ముసాయిదా ఏమంది? వైల్డర్‌నెస్‌లో రాతికి బిగించి ఉన్న బోల్టులు, పిటాన్లు (పగుల్లో దిగ్గొట్టే మేకులు), చివరికి చెట్టుకి కట్టి వదిలేసిన స్లింగ్ (పట్టీ) కూడా నిషిద్ధ కట్టడాలే అంది. ఒక్కోదానికి విడివిడిగా మినహాయింపు తెచ్చుకోవాలి. అది అమలైతే యోసెమిటీలోని పెద్ద గోడ ఎల్ కాపిటన్ మీద సగం దారుల సంగతేమిటి?

2025 జూన్‌లో యూటా సెనేటర్ మైక్ లీ పదకొండు రాష్ట్రాల్లో 20, 30 లక్షల ఎకరాల ప్రభుత్వ భూమి అమ్మాలని బిల్లులో పెట్టినప్పుడు ఆపింది ఎవరు? వేటగాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, మోంటానా, ఐడహో రిపబ్లికన్లు. 2017లో బేర్స్ ఇయర్స్ తగ్గించమని సలహా ఇచ్చిన అప్పటి ఇంటీరియర్ సెక్రటరీ (ప్రభుత్వ భూములు చూసే మంత్రి) రయన్ జింకీనే ఈసారి అమ్మకానికి అడ్డం నిలబడ్డాడు. జూన్ 28న లీ వెనక్కి తీసుకున్నాడు. ఆ వారం నేను కూడా మా సెనేటర్ల ఆఫీసులకి ఫోన్లు చేశాను. భూమి అమ్మేస్తే మళ్ళీ రాదు, ఆ విషయంలో నాకు పార్టీ లేదు.

కాంచన_కొలరాడో (బౌల్డర్)

వెంకట్ గారూ, భూమి విషయంలో మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ చట్టం కాగితం మీద ఉంటే సరిపోదు కదా, చూసుకునే మనుషులేరీ? 2025 ఫిబ్రవరిలో ఒక్కసారిగా వెయ్యి మంది దాకా పార్క్ సర్వీస్ ఉద్యోగుల్ని పంపేశారు. కొత్తగా చేరినవాళ్ళే ఎక్కువ. కొందరు కోర్టు ఆర్డర్లతో తిరిగొచ్చారు. ఆ నెలలోనే యోసెమిటీలో ఎల్ కాప్ మీద అమెరికా జెండా తలకిందులుగా వేలాడదీశారు. ఆపదలో ఉన్నామని చెప్పే గుర్తు అది. అది చూసి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తర్వాత అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా 43 రోజుల షట్‌డౌన్. గేట్లు తెరిచి ఉంచి, మనుషుల్ని ఇంటికి పంపారు. 2018, 19లో 35 రోజులు ఇలాగే చేసినప్పుడు జాషువా ట్రీ పార్కులో చెట్లు నరికి బండ్లు తోలారు. ఈసారి అక్టోబరులో నేనొక ట్రైల్‌హెడ్ దగ్గర టాయిలెట్ తలుపు తీశాను. టిష్యూ కుప్ప సీటు ఎత్తు దాటింది, తలుపు వెనక డైపర్ సంచులు పేర్చి ఉన్నాయి. ఆ గదికి ఇరవై అడుగుల దిగువనే వాగు. మా గ్యాంగ్ చెత్త సంచులు, గ్లోవ్స్ తెచ్చి ఓ పూట శుభ్రం చేశాం. రేంజర్ చేసే పని ఎంతో ఆ పూట తెలిసింది.

రెస్క్యూ సంగతి కూడా. మా ఊళ్ళో రాకీ మౌంటెన్ రెస్క్యూ గ్రూప్ 1947 నుంచి వాలంటీర్లతోనే నడుస్తోంది, ఎవరి దగ్గరా డబ్బు తీసుకోరు. అన్ని చోట్లా అలా ఉండదు. యోసెమిటీలో కాలు విరిగి గోడ మీద ఇరుక్కుంటే వచ్చేది పార్క్ సర్వీస్ వాళ్ళే. ఆ పోస్టులు ఖాళీగా ఉంటే మనం రిస్క్ లెక్క వేసే పద్ధతే మార్చుకోవాలి.

రెయినియర్_రాజు

వెంకట్ యాంకర్ల (ఆ బోల్టులు, పిటాన్ల) మాట ఎత్తారు కాబట్టి చెప్తాను. ఆ ముసాయిదా ఆగిపోయింది. 2025 జనవరి 4న బైడెన్ సంతకం పెట్టిన ఎక్స్‌ప్లోర్ చట్టంలో క్లైంబింగ్ భాగం ఉంది. వైల్డర్‌నెస్‌లో క్లైంబింగ్, ఫిక్స్‌డ్ యాంకర్లు వాడటం, పెట్టటం, మార్చటం సమ్మతమేనని అందులో స్పష్టంగా రాశారు. రెండు పార్టీలూ కలిసి పాస్ చేశాయి. పద్దెనిమిది నెలల్లోగా మార్గదర్శకాలు రావాలి. అంటే ఈ జులైకి. రాయవలసిన ఆఫీసుల్లో మనుషులు తగ్గిపోయారు, అదే నా భయం.

ఇది మాకు ఇక్కడ ఉత్త పాలసీ కాదు. 2025 మేలో వాషింగ్టన్ పాస్ దగ్గర నార్త్ ఎర్లీ వింటర్స్ స్పైర్ నుంచి రాపెల్ చేస్తూ, అంటే తాడు మీద దిగుతూ, నలుగురు ఒకే ఒక్క పాత పిటాన్ మీద ఆధారపడ్డారు. అది ఊడింది. సుమారు 400 అడుగులు. ముగ్గురు చనిపోయారు. బతికినాయన ఆ గాయాలతోనే చీకట్లో కారు దాకా వెళ్ళి, ఫోన్ దొరికే చోటికి నడుపుకుంటూ పోయాడు. తుప్పు బయటికి కనపడదు, రాతి లోపల తింటుంది. దయచేసి ఎవరైనా సరే, పాత పిటాన్ ఒక్కటే కనిపిస్తే పగుల్లో ఇరికించే మీ నట్టో కామో ఒకటి త్యాగం చేసి బ్యాకప్ పెట్టండి. మొదట బరువున్న మనిషి దిగాలి, బ్యాకప్ తగిలించి ఉండగానే. చివరి మనిషి దిగేముందు మాత్రమే అది తీయాలా వద్దా అని ఆలోచించాలి. అనుమానం ఉంటే వదిలేసి రండి. 80 డాలర్ల కామ్ పోతే పోయింది.

శాంతి_స్లాబ్

చదివాను అందరివీ. రాజు గారూ, ఆ యాంకర్ పేరా సేవ్ చేసుకున్నాను. సరే, ఇలా మాట్లాడుకుంటే నాకేం అభ్యంతరం లేదు.

క్యూలో_ఉన్నాను

నా ఊరు రాయను. గ్రీన్ కార్డు వరుసలో ఉన్నాను, ఓటు లేదు. సెప్టెంబరులో లక్ష డాలర్ల హెచ్1బీ ఫీజు ప్రకటన వచ్చిన రాత్రి ఎవరికీ నిద్ర లేదు. డిసెంబరు 15 నుంచి హెచ్1బీ, హెచ్4 వాళ్ళ సోషల్ మీడియా ఖాతాలు కూడా చూస్తున్నారు, పబ్లిక్‌గా పెట్టాలట. ప్రతి వారం నేను ఎక్కుతుంటే కింద తాడు (బిలే) పట్టే ఫ్రెండ్ వీసా స్టాంపింగ్‌కి హైదరాబాద్ వెళ్ళాడు. అపాయింట్‌మెంట్ నెలల వెనక్కి జరిపారు. ఇక్కడ అతని రోప్, రాక్ షూస్ నా క్లోజెట్‌లో ఉన్నాయి, అతని ఉద్యోగం టెన్షన్‌లో ఉంది. ఇలాంటి రోజుల్లో బేర్స్ ఇయర్స్ గురించి ఒక లైను రాయాలన్నా చెయ్యి ఆగుతుంది. మాలాంటివాళ్ళు ఏం చేయగలం? నిజంగా అడుగుతున్నాను.

పగుళ్ళపిచ్చి

తమ్ముడూ, ముందుగా, భయపడటంలో తప్పేం లేదు. ఇక్కడ రాయమని నిన్ను ఎవరూ బలవంతపెట్టరు.

ఓటు లేకపోయినా తెరిచి ఉన్న తలుపులున్నాయి. ఫెడరల్ నిబంధన మారుస్తున్నప్పుడు పబ్లిక్ కామెంట్ తీసుకుంటారు. అది సిటిజెన్లకే కాదు, ఎవరైనా రాయొచ్చు. 2025 ఆగస్టు చివర్లో, అడవుల్లో కొత్త రోడ్లు పడకుండా ఆపే రోడ్‌లెస్ రూల్‌ని సుమారు 4.5 కోట్ల ఎకరాల అడవి మీద తీసేస్తామని, మూడు వారాలే గడువిచ్చారు. తిట్లతో రాస్తే పక్కన పడేస్తారు. ఫలానా ట్రైల్ ఈ నెలలో వాడతాను, ఇక్కడ రోడ్డు వేస్తే ఈ వాగు ఇలా పాడవుతుంది అని చూసినది చూసినట్టు రాస్తే పనికొస్తుంది. పేరు పబ్లిక్‌గా వస్తుందన్న జంకు ఉంటే ట్రైల్ పనికి రా. వసంతంలో క్రీక్‌లో ఇసుక దారులు బాగుచేసే రోజులు పెడుతుంటారు. రాళ్ళు మోయడానికి వీసా అడగరు.

భువనగిరి_బండ (ఫీనిక్స్)

అన్నలకు, అక్కలకు నమస్తే. నేను భువనగిరి కోట బండ మీద ఎక్కుడు నేర్చుకున్నవాడిని. ఆ స్లాబ్ మీద ఎండ ఎట్లుంటదో తెలిసినోళ్ళకి అరిజోనా ఎండ పెద్ద లెక్క కాదు. మాలావత్ పూర్ణ శిక్షణ తీసుకున్నది కూడా అక్కడే. పదమూడేళ్ళకి, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. 2022 జూన్‌లో డెనాలీ ఎక్కి ఏడు ఖండాల శిఖరాలు పూర్తి చేసింది.

ఆ డెనాలీ పేరు కూడా రాజకీయమే అయింది కదా. 1896లో ఒక బంగారం వెతికేటాయన, అప్పుడు ప్రెసిడెంట్‌గా పోటీ చేస్తున్న మెకిన్లీ పేరు పెట్టిండు. మెకిన్లీ అలాస్కాలో ఎప్పుడూ అడుగు పెట్టలేదు. అలాస్కా రాష్ట్రం 1975 నుంచి పాత పేరు అడిగింది, 2015లో ఒబామా ప్రభుత్వం ఇచ్చింది. 2025 జనవరి 20న, పదవి చేపట్టిన రోజే, ట్రంప్ మళ్ళీ మెకిన్లీ చేసిండు. పార్కు పేరు మాత్రం డెనాలీయే. ఆ 20,310 అడుగుల మీద మొట్టమొదట 1913లో కాలుపెట్టింది వాల్టర్ హార్పర్, అక్కడి ఆదివాసీ బిడ్డ. ఎవరి పేరైనా పెట్టాలనుకుంటే ఆయన పేరు ముందుండాలి. పూర్ణ కూడా గిరిజన తండా నుంచి వచ్చిన బిడ్డ, అందుకే ఈ విషయం నాకు బాగా తగులుతది.

కాంచన_కొలరాడో

2015లో ఆ పేరు మార్పు మీద సంతకం పెట్టిన ఇంటీరియర్ సెక్రటరీ శాలీ జువెల్ కూడా క్లైంబరే. అంతకు ముందు గేర్ అమ్మే కో-ఆప్ ఆర్ఈఐకి సీఈవో. అదే ఆర్ఈఐ 2025 జనవరిలో ఇంటీరియర్ సెక్రటరీగా డగ్ బర్గమ్ నియామకాన్ని సమర్థించే లేఖ మీద సంతకం పెట్టి, ఏప్రిల్‌లో కొత్త సీఈవో వచ్చాక సభ్యులకి క్షమాపణ చెప్పింది. సభ్యులు గట్టిగా రాశారు కాబట్టే. కో-ఆప్ అంటే మనది కదా, మనం కూడా అడగాలి.

జానకి_జేట్రీ

గేర్ ధరలు ఎవరైనా చూశారా? నా హార్నెస్ మార్చాలి, రెయిన్ జాకెట్ కూడా.

వెంకట్_డాలస్

నేను సమర్థించనిది ఇదొకటి, టారిఫ్‌లు. ఆగస్టు 2025లో వియత్నాం సరుకు మీద 20 శాతం, యూరప్ మీద 15 వేశారు. మన బ్యాక్‌ప్యాక్‌లు చాలావరకు వియత్నాంలో కుట్టినవే, హార్నెస్‌లు, రోప్‌లు చాలా యూరప్‌వి. హార్నెస్, రోప్ మాత్రం సెకండ్ హ్యాండ్ వద్దు. మిగతావి వాడినవి చూడండి. కామ్ కొనేటప్పుడు ట్రిగ్గర్ వైర్లు, స్లింగ్ తేదీ చూసుకోవాలి, స్లింగ్ మళ్ళీ వేయించుకోవచ్చు.

రెయినియర్_రాజు

జాకెట్ల గురించి సియాటిల్ వాడిని నన్ను అడగాలి. 2025 జనవరి నుంచి కాలిఫోర్నియాలో పీఫాస్ (నీళ్ళు అంటకుండా వేసే రసాయనాలు) కలిపిన బట్టలు అమ్మకూడదు. భారీ వానకి తయారుచేసిన జాకెట్లకి మాత్రం 2028 దాకా వెసులుబాటు, లేబుల్ మీద చెప్పాలి. కంపెనీలు ఈలోపే మారిపోయాయి. కొత్త పూత నీటిని ఆపుతుంది కానీ నూనెని ఆపదు. కాలర్ దగ్గర చెమట, సన్‌స్క్రీన్, తలకి రాసిన కొబ్బరినూనె దిగి అక్కడే మొదట తడి పీలుస్తుంది. లీకవుతోందని పారెయ్యకండి. టెక్ వాష్ (ఇలాంటి జాకెట్ల కోసం చేసిన సబ్బు)తో ఉతికి, బాగా జాడించి, డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీద ఇరవై నిమిషాలు తిప్పండి. నీళ్ళు మళ్ళీ ముత్యాల్లా జారతాయి. మామూలు డిటర్జెంట్, ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ వద్దు.

మా వాషింగ్టన్‌లో ఎన్‌చాంట్‌మెంట్స్ పర్మిట్ లాటరీ ఫిబ్రవరి 15న తెరుస్తారు, మార్చి 1న మూస్తారు. యోసెమిటీలో హాఫ్ డోమ్ కేబుల్స్‌ది మార్చి నెలంతా. క్యాలెండర్లో పెట్టుకోండి.

శాంతి_స్లాబ్

చలిలో గ్యాస్ స్టవ్ మంట పడిపోతోంది, ఏం చేయాలి? జూన్‌లో సియెర్రాలో మూడు రాత్రులు. బేర్ క్యానిస్టర్ (ఎలుగుబంటి తెరవలేని డబ్బా)లో మన తిండి ఎలా పట్టిస్తారో కూడా చెప్పండి.

కాంచన_కొలరాడో

డబ్బా మీద ఏ గ్యాసో చదవండి. మామూలు బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది, ఐసోబ్యూటేన్ మైనస్ 12 దాకా లాగుతుంది. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపినవే కొనండి, రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకుని పడుకోండి.

తిండికి: అన్నం, పెసరపప్పు విడివిడిగా వండి డీహైడ్రేటర్‌లో పెళపెళలాడే దాకా ఎండబెడతాను. జిప్‌లాక్‌లో గాలి పూర్తిగా తీసి, క్యానిస్టర్ గోడ పొడవునా నిలువుగా పేర్చాలి. మధ్యలో ఖాళీలో అటుకులు పోస్తే సందులన్నీ నిండుతాయి. కరివేపాకు కారప్పొడి, చిన్న సీసా నెయ్యి. పులిహోర మొదటి రాత్రికే, తర్వాత నిలవదు. టూత్‌పేస్టు, సన్‌స్క్రీన్ కూడా లోపలే, వాసనొచ్చేది ఏదీ టెంట్‌లో ఉండకూడదు.

పగుళ్ళపిచ్చి

ఇక క్రీక్. మార్చి ఆఖరి వారాంతం అనుకుందాం, మోయాబ్‌లో కలుద్దాం. వాన పడితే ఇసుకరాయి తడిసి బలం పోతుంది, ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి ఎక్కువ ఆగాల్సిందే. అందుకే ఒక రోజు అదనంగా సెలవు పెట్టండి. మార్చి 1 నుంచి గద్దలు గూళ్ళు పెట్టే గోడలకి వెళ్ళవద్దని బీఎల్ఎం (ప్రభుత్వ భూములు చూసే శాఖ) వాళ్ళు చెబుతారు, ఆ జాబితా చూసే గోడ ఎంచుతాను.

క్రీక్‌లో సూపర్‌క్రాక్ అనే దారి ఎక్కాలంటే ఒకే సైజు కామ్‌లు బోలెడు కావాలి. 2, 3 నంబర్లు, అంటే పసుపు, నీలం, ఎవరి దగ్గర ఎన్నుంటే అన్నీ తెండి. మీ మీ రంగు టేప్ చుట్టుకోండి, సాయంత్రం పంచుకునేటప్పుడు గొడవ ఉండదు. క్రాక్ గ్లోవ్స్ లేనివాళ్ళకి టేప్ నేను తెస్తాను. రోప్ 70 మీటర్లది, చివర ముడి తప్పనిసరి. దారిలో న్యూస్‌పేపర్ రాక్ దగ్గర ఆగుదాం, ఆ చెక్కడాల మీద చెయ్యి వేయొద్దు. గోడల కింద పాత ఇళ్ళ శిథిలాలు కనిపించినా అంతే.

క్యూలో_ఉన్నాను

నేను వస్తాను. 3 నంబర్లు రెండున్నాయి, ఫ్రెండ్‌వి కూడా తెమ్మన్నాడు. ట్రైల్ పని రోజు ఏదైనా ఉంటే అందులో నా పేరు వేయండి.

జానకి_జేట్రీ

నేనూ, మా ఆయనా. 70 మీటర్ల రోప్, ఆకుపచ్చ నుంచి పసుపు దాకా కామ్‌లు రెండేసి. అమ్మానాన్నల్ని రెయినియర్‌కే తెస్తున్నాను రాజు గారూ, యోసెమిటీకి ఇంకో ఏడు.

పగుళ్ళపిచ్చి

బాగుంది. క్రీక్‌లో తాగే నీళ్ళు దొరకవు. మోయాబ్‌లోనో మాంటిసెల్లోలోనో నింపుకోవాలి, మనిషికి రోజుకి నాలుగు లీటర్లకి తగ్గకుండా. వ్యాగ్ బ్యాగులు (మలం మూటకట్టి తెచ్చే సంచులు) ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. సూపర్ బౌల్ క్యాంప్‌గ్రౌండ్‌లో ముందొచ్చినవాళ్ళదే చోటు. నేను గురువారం మధ్యాహ్నానికే వెళ్ళి రెండు సైట్లు పట్టుకుంటాను. కారు నంబర్లు నాకు ప్రైవేట్ మెసేజ్ చేయండి.